క్యూరీ, బెక్వెరెల్, సీవర్ట్: రేడియోధార్మికత యూనిట్లను తప్పుల్లేకుండా మార్చుకునే పద్ధతి

పోయిన నెల ఒక రాత్రి తార్నాక నుంచి మా పాత పక్కింటి అబ్బాయి ఫోన్ చేశాడు. గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది. "అన్నా, అమ్మకు పోయినసారి పెట్ స్కాన్‌లో 10 ఇచ్చారు. ఈసారి రిపోర్టులో 333 అని ఉంది. ముప్పై మూడు రెట్లు ఎక్కువ ఇచ్చేశారా?"

రెండు రిపోర్టులూ వాట్సాప్‌లో పంపమన్నాను. మొదటిది మిల్లీక్యూరీల్లో ఉంది, రెండోది మెగాబెక్వెరెల్‌లలో ఉంది. 333ని 37తో భాగిస్తే 9. అంటే వాళ్లమ్మగారికి ఈసారి ఇచ్చింది పోయినసారికన్నా తక్కువే. ఆ మాట చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదట.

నేను రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తాను. ఇలాంటి ప్రశ్న నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. స్కాన్ రిపోర్టు చేతిలో పట్టుకున్నవాళ్లు, హబ్సిగూడ, ఉప్పల్ వైపు ల్యాబుల్లో పీహెచ్‌డీ చేసే పిల్లలు, సర్వే మీటర్ (చుట్టూ రేడియేషన్ ఎంతుందో చూపే చేతి పరికరం) మొదటిసారి పట్టుకున్న టెక్నీషియన్లు, బోరు నీళ్లు టెస్ట్ చేయించుకున్నవాళ్లు అందరూ అడుగుతుంటారు. గుణకారం, భాగహారం వచ్చినవాళ్లెవరైనా తప్పు లేకుండా చేయగలిగేలా మొత్తం వరసగా రాస్తున్నాను. ఒక కాగితం, పెన్ను, ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే చాలు.

## 1. మొదట అంకె ఏ గంపలోదో తేల్చుకోండి

యూనిట్లు మార్చడంలో పెద్ద తప్పు లెక్కలో జరగదు. లెక్కకు ముందే జరుగుతుంది. రేడియేషన్ అంకెలన్నీ ఒకే గంపలోవి అనుకోవడమే ఆ తప్పు. గంపలు మూడున్నాయి.

మొదటి గంప, యాక్టివిటీ. పదార్థంలో సెకనుకు ఎన్ని పరమాణు కేంద్రకాలు విచ్ఛిన్నం అవుతున్నాయి అనేది ఇది చెబుతుంది. బెక్వెరెల్, క్యూరీ, నిమిషానికి విచ్ఛిన్నాలు ఈ గంపలోవి. సిరంజి మీద, సీసా మీద, నీళ్ల రిపోర్టులో కనిపించేవి ఇవే.

రెండో గంప, పడిన శక్తి. గాలిలోగానీ శరీరంలోగానీ ఎంత శక్తి దిగింది అనేది. గ్రే, రాడ్, రాంట్‌జెన్.

మూడో గంప, శరీరానికి దాని ప్రభావం. సీవర్ట్, రెమ్. టీఎల్‌డీ బ్యాడ్జి (రేడియేషన్ పనివాళ్లు ఒంటి మీద పెట్టుకునే కొలత బ్యాడ్జి) రిపోర్టులో వచ్చేది ఇదే.

మనకు తెలిసిన భూమి లెక్కతో చెబుతాను. గుంటకు 121 గజాలు. గుంటలను గజాల్లోకి మార్చాలంటే ఆ అంకె ఒక్కటి తెలిస్తే చాలు, ప్లాటు ఎక్కడున్నా లెక్క మారదు. కానీ గజాలను రూపాయల్లోకి మార్చమంటే? ఘట్‌కేసర్‌లోనా, బంజారాహిల్స్‌లోనా అని అడగకుండా ఎవరూ చెప్పలేరు. క్యూరీ నుంచి బెక్వెరెల్‌కు మార్చడం గుంటల నుంచి గజాలకు మార్చడం లాంటిది. బెక్వెరెల్ నుంచి సీవర్ట్‌కు పోవడం గజాల నుంచి రూపాయలకు పోవడం లాంటిది.

అందుకే "ఒక క్యూరీకి ఎన్ని సీవర్ట్‌లు?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఏ ఐసోటోపు (అంటే ఏ మూలకంలో ఏ రకం పరమాణువు), శరీరం లోపలా బయటా, ఎంత దూరం, ఎంతసేపు అన్నవి తెలియాలి.

లెక్క మొదలుపెట్టే ముందు కాగితం మీద ఇవి రాసుకోండి:

- అంకె, దాని పక్కన యూనిట్ పూర్తి పేరు (పొట్టి అక్షరాలు వద్దు)
- ఏ గంపలోది
- ఏ ఐసోటోపు
- ఆ అంకె ఏ తేదీకి, ఏ సమయానికి చెందింది
- లీటరుకా, గ్రాముకా, గంటకా, లేక మొత్తమా

ఈ ఐదింటిలో ఒకటి ఖాళీగా ఉన్నా ముందుకు పోకండి. రిపోర్టు ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి అడగండి.

## 2. ముందు అక్షరాలు సరిచూసుకోండి

యూనిట్‌కు ముందు వచ్చే చిన్న అక్షరం వెయ్యి రెట్లు, కోటి రెట్లు తేడా తెస్తుంది. మన పనిలో తగిలేవి ఇవి:

- పికో: లక్ష కోట్లలో ఒక వంతు
- నానో: వంద కోట్లలో ఒక వంతు
- మైక్రో: పది లక్షల్లో ఒక వంతు
- మిల్లీ: వెయ్యిలో ఒక వంతు
- కిలో: వెయ్యి
- మెగా: పది లక్షలు
- గిగా: వంద కోట్లు
- టెరా: లక్ష కోట్లు

వరసలో ఒక్కో మెట్టుకు వెయ్యి రెట్లు. మిల్లీకి, కిలోకి మధ్య మాత్రం అసలు యూనిట్ ఒక మెట్టుగా ఉంటుంది, దాన్ని మరిచిపోవద్దు.

ఇంగ్లిష్ చిన్న ఎం అంటే మిల్లీ, పెద్ద ఎం అంటే మెగా. రెండింటి మధ్య తేడా వంద కోట్ల రెట్లు. చేత్తో రాసిన లేబుల్ మీద ఆ రెండూ ఒకేలా కనబడతాయి. మైక్రోకు వాడే గ్రీకు అక్షరం చాలా ప్రింటర్లలో రాదు కాబట్టి దాని బదులు చిన్న యూ పడుతుంది. చేతిరాతలో అది కూడా ఎం లాగే ఉంటుంది. ఏమాత్రం అనుమానం వచ్చినా రాసినవాళ్లనే అడగండి, ఊహించవద్దు.

కామాల దగ్గర కూడా మనవాళ్లు తడబడతారు. మనం 3,70,00,000 అని రాస్తే మెషీన్ 37,000,000 అని రాస్తుంది. రెండూ ఒకటే: 3.7 కోట్లు, అంటే 37 మిలియన్లు. కామాలను నమ్మకుండా సున్నాలు లెక్కపెట్టుకోండి.

ఇంకొన్ని మెషీన్లు 3.70, పక్కన ఇంగ్లిష్ E అక్షరం, ప్లస్ 08 అని చూపిస్తాయి. దాని అర్థం 3.70 × 10⁸, అంటే 37 కోట్ల బెక్వెరెల్‌లు, అంటే 370 మెగాబెక్వెరెల్‌లు.

## 3. క్యూరీ, బెక్వెరెల్: 37 నిచ్చెన

ఒక బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక విచ్ఛిన్నం. ఒక క్యూరీ అంటే సెకనుకు 3.7 × 10¹⁰ విచ్ఛిన్నాలు, మన లెక్కలో 3,700 కోట్లు. ఇది నిర్వచనం, ఉజ్జాయింపు కాదు.

ఇంత పెద్ద అంకెతో రోజూ కుస్తీ పట్టనక్కర్లేదు. ఈ నిచ్చెన గుర్తుంటే చాలు:

- 1 క్యూరీ = 37 గిగాబెక్వెరెల్
- 1 మిల్లీక్యూరీ = 37 మెగాబెక్వెరెల్
- 1 మైక్రోక్యూరీ = 37 కిలోబెక్వెరెల్
- 1 నానోక్యూరీ = 37 బెక్వెరెల్
- 1 పికోక్యూరీ = 0.037 బెక్వెరెల్, అంటే 37 మిల్లీబెక్వెరెల్

ప్రతి మెట్టులోనూ 37 ఉంది. మారేది ముందున్న అక్షరమే.

చేసే వరస:

1. ఇచ్చిన అంకెను నిచ్చెనలో దాని మెట్టు దగ్గర నిలబెట్టండి. మిల్లీక్యూరీ అయితే దాని జోడీ మెగాబెక్వెరెల్.
2. క్యూరీ వైపు నుంచి బెక్వెరెల్ వైపుకు 37తో గుణించండి. తిరుగు దారిలో 37తో భాగించండి.
3. జవాబు వచ్చాకే, కావాలంటే గిగాకో కిలోకో మార్చుకోండి. రెండు పనులూ ఒకేసారి చేయకండి.

పెట్ స్కాన్‌కు 8 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీ (ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజు లాంటి మందు) అంటే 296 మెగాబెక్వెరెల్. బోన్ స్కాన్‌కు 20 మిల్లీక్యూరీల టెక్నీషియం అంటే 740 మెగాబెక్వెరెల్. థైరాయిడ్ క్యాన్సర్‌కు 100 మిల్లీక్యూరీల అయోడిన్ అంటే 3,700 మెగాబెక్వెరెల్, అంటే 3.7 గిగాబెక్వెరెల్.

నోటి లెక్కకు రెండు కిటుకులు చెబుతాను. 37తో గుణించాలంటే 40తో గుణించి, అందులోంచి మూడు రెట్లు తీసేయండి: 12 × 40 = 480, అందులో 36 పోతే 444. 37తో భాగించాలంటే 27తో గుణించి వెయ్యితో భాగించండి. 27 × 37 = 999 కాబట్టి తేడా వెయ్యిలో ఒకటే. 555 × 27 = 14,985, వెయ్యితో భాగిస్తే దాదాపు 15. అసలు జవాబు 15 మిల్లీక్యూరీలే. రోగికి ఇచ్చే మోతాదు రాసేటప్పుడు మాత్రం కాలిక్యులేటర్‌తోనే చేయండి. ఈ కిటుకులు సరిచూసుకోవడానికి మాత్రమే.

## 4. గడియారం చూడకుండా మార్చవద్దు

సిరంజిలోని అంకె నిలబడి ఉండదు. మీరు లెక్క చేసేలోగానే తగ్గుతుంది. అందుకే ప్రతి యాక్టివిటీ అంకెకు ఒక సమయం ఉంటుంది. సమయం లేని అంకెను ఎంత బాగా మార్చినా ప్రయోజనం లేదు.

యాక్టివిటీ సగానికి పడిపోవడానికి పట్టే కాలం హాఫ్ లైఫ్, పుస్తకాల్లో అర్ధ జీవితకాలం. తరచుగా అవసరమయ్యేవి:

- ఫ్లోరిన్-18: సుమారు 110 నిమిషాలు
- టెక్నీషియం-99ఎం: సుమారు 6 గంటలు
- అయోడిన్-131: సుమారు 8 రోజులు
- ఫాస్ఫరస్-32: సుమారు 14.3 రోజులు
- కోబాల్ట్-60: సుమారు 5.27 ఏళ్లు
- సీజియం-137: సుమారు 30 ఏళ్లు

ఉదయం 7:30కి సీసాలో 40 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీ ఉందనుకోండి. 9:20కి 20. 11:10కి 10. లేబుల్ చూసి "40 × 37 = 1,480 మెగాబెక్వెరెల్" అని 11:10కి రాస్తే గుణకారం తప్పు కాదు, కానీ నాలుగు రెట్లు ఎక్కువ రాసినట్టు. మన ట్రాఫిక్‌లో మందు తెచ్చే వ్యాన్ 55 నిమిషాలు ఇరుక్కుంటే అందులో 29 శాతం దారిలోనే పోతుంది.

చేసే వరస:

1. లేబుల్ మీది సమయం, ఇప్పటి సమయం రాసి, మధ్య ఎంత గడిచిందో తీయండి.
2. గడిచిన సమయం, హాఫ్ లైఫ్ రెండూ ఒకే కొలతలో ఉండాలి. ఒకటి గంటల్లో, ఒకటి నిమిషాల్లో ఉంటే లెక్క చెడిపోతుంది.
3. గడిచిన సమయాన్ని హాఫ్ లైఫ్‌తో భాగించండి.
4. కాలిక్యులేటర్‌లో 0.5 కొట్టి, ఘాతం బటన్ నొక్కి, పైన వచ్చిన అంకె ఇవ్వండి. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో ఆ బటన్ కనబడుతుంది.
5. వచ్చినదాన్ని మొదటి యాక్టివిటీతో గుణించండి.
6. ఆ తర్వాతే 37తో గుణించండి.

ఉదాహరణ: 10 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీ, 45 నిమిషాల తర్వాత. 45 ÷ 110 = 0.409. 0.5కి 0.409 ఘాతం = 0.753. ఇప్పుడున్నది 7.53 మిల్లీక్యూరీలు, అంటే సుమారు 279 మెగాబెక్వెరెల్.

ఇక్కడ ఒక్క చోట ఆగి దగ్గరగా చూడాలి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. డోస్ క్యాలిబ్రేటర్ (సిరంజిలోని యాక్టివిటీని కొలిచే మెషీన్) బావిలోకి సిరంజిని పొడవాటి హోల్డర్‌తో దించుతాం. అంకె కాసేపు ఊగి నిలబడుతుంది: 9:05కి 10.2 మిల్లీక్యూరీలు. రోగికి 9:20కి ఇంజెక్షన్ చేస్తాం. వెంటనే ఖాళీ సిరంజిని మళ్లీ అదే బావిలో పెడితే 0.4 చూపిస్తుంది. సూదిలో, గొట్టంలో మిగిలిన చుక్కలవి.

చాలామంది 10.2 లోంచి 0.4 తీసేసి 9.8 అని రాసేస్తారు. కానీ ఆ రెండు అంకెలూ వేర్వేరు సమయాలవి. ముందు 10.2ని 9:20కి తేవాలి: 15 ÷ 110 = 0.136, దానికి గుణకం 0.910, కాబట్టి 9.28. అందులోంచి 0.4 తీస్తే 8.88 మిల్లీక్యూరీలు, సుమారు 329 మెగాబెక్వెరెల్. 9.8కి, దీనికి తేడా పది శాతం. స్కాన్‌లో గడ్డ ఎంత మందు పీల్చిందో చెప్పే ఎస్‌యూవీ విలువ ఈ అంకె మీదే ఆధారపడుతుంది. ఆర్నెల్ల తర్వాత ఇంకో స్కాన్‌తో పోల్చి "తగ్గింది", "పెరిగింది" అని డాక్టరు చెప్పేది కూడా దీన్నిబట్టే. అందుకే ఈ పది శాతాన్ని నేను చిన్న విషయంగా తీసుకోను.

లేబుల్ మీది తేదీ ఒక్కోసారి రాబోయే రోజుది ఉంటుంది. అప్పుడు ఈ రోజు సీసాలో ఉన్నది లేబుల్ మీదికన్నా ఎక్కువ. గుణించే బదులు భాగించండి. ఫాస్ఫరస్-32 లేబుల్ తేదీ ఇంకా వారం ఉందనుకోండి: 7 ÷ 14.3 = 0.49, గుణకం 0.712. 1ని 0.712తో భాగిస్తే 1.40. లేబుల్ 250 మైక్రోక్యూరీలంటే ఈ రోజు దాదాపు 350 ఉన్నాయన్నమాట.

## 5. కౌంటర్ చూపిన అంకె యాక్టివిటీ కాదు

రేడియేషన్‌ను లెక్కపెట్టే కౌంటర్ మీద వచ్చే అంకె నిమిషానికి లెక్కింపులు, వాడుకలో సీపీఎం. అసలు జరిగినవి నిమిషానికి విచ్ఛిన్నాలు, డీపీఎం. మెషీన్ అన్నింటినీ పట్టుకోలేదు. నూటికి ఎన్ని పట్టుకుంటుందో అదే దాని ఎఫిషియెన్సీ.

గుర్తుంచుకోవాల్సినవి: 1 బెక్వెరెల్ = 60 డీపీఎం. 1 నానోక్యూరీ = 2,220 డీపీఎం. 1 మైక్రోక్యూరీ = 22,20,000 డీపీఎం.

వరస మార్చకుండా చేయండి:

1. శాంపిల్ లెక్కింపుల్లోంచి బ్యాక్‌గ్రౌండ్ (శాంపిల్ లేకపోయినా మెషీన్ చూపే అంకె) తీసేయండి.
2. ఎఫిషియెన్సీతో భాగించండి. 30 శాతం అంటే 0.30.
3. 60తో భాగిస్తే బెక్వెరెల్‌లు.
4. క్యూరీ కావాలంటే నిచ్చెన ఎక్కండి.

వైప్ టెస్ట్ తీసుకుందాం. ల్యాబ్ బల్ల మీద 100 చదరపు సెంటీమీటర్లు తుడిచిన కాగితం 1,250 సీపీఎం చూపింది, బ్యాక్‌గ్రౌండ్ 50. మిగిలింది 1,200. 0.30తో భాగిస్తే 4,000 డీపీఎం. 60తో భాగిస్తే 66.7 బెక్వెరెల్, 1.8 నానోక్యూరీ. ఇది కాగితం మీదికి వచ్చినది. బల్ల మీద ఉన్నదాంట్లో కాగితం పదో వంతే ఎత్తిందని అనుకుంటే బల్ల మీద 667 బెక్వెరెల్, అంటే చదరపు సెంటీమీటరుకు 6.7.

ఎఫిషియెన్సీ మెషీన్‌కు ఒకటే ఉండదు, ఐసోటోపు మారితే మారుతుంది. ఫాస్ఫరస్-32ను చేతి కౌంటర్ బాగా పట్టుకుంటుంది. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) వదిలే బీటా కణం చాలా బలహీనం, ఆ కౌంటర్ కిటికీనే దాటదు. ట్రిటియం ఒలికిన బల్ల మీద చేతి కౌంటర్ పెట్టి "సున్నా" అని రాసుకుంటే మోసపోయినట్టే. దానికి లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్ కావాలి.

ల్యాబ్ పిల్లలు తరచుగా అడిగేది ఒకటుంది. సీసీఎంబీ పరిశోధన సంస్థ ఆవరణలో, బ్రిట్ అనే ప్రభుత్వ ఐసోటోపుల సంస్థ నడిపే జోనాకి ల్యాబ్ నుంచో, ఇంకెక్కడి నుంచో వచ్చే లేబుల్ చేసిన న్యూక్లియోటైడ్ల సీసా మీద రెండు అంకెలుంటాయి. ఒకటి మైక్రోలీటరుకు ఎంత యాక్టివిటీ అనేది. ఇంకొకటి మిల్లీమోల్‌కు ఎంత అనేది. పిపెట్‌తో తీసేటప్పుడు మొదటిదే కావాలి. మైక్రోలీటరుకు 10 మైక్రోక్యూరీలంటే 370 కిలోబెక్వెరెల్. 50 మైక్రోక్యూరీలు కావాలంటే లేబుల్ తేదీన 5 మైక్రోలీటర్లు, 14.3 రోజులు దాటితే 10. రెండో అంకె మిల్లీమోల్‌కు 3,000 క్యూరీలని ఉంటే అది 111 టెరాబెక్వెరెల్. దాన్ని చూసి హడలిపోనక్కర్లేదు, సీసాలో ఉన్నది మిల్లీమోల్‌లో అతి చిన్న భాగం.

## 6. రాడ్, రెమ్, రాంట్‌జెన్: వందలు, పదులు

ఇది తేలిక భాగం.

- 1 గ్రే = 100 రాడ్
- 1 సీవర్ట్ = 100 రెమ్
- 1 మిల్లీసీవర్ట్ = 100 మిల్లీరెమ్
- 1 మిల్లీరెమ్ = 10 మైక్రోసీవర్ట్

రాంట్‌జెన్ ఒక్కటే కాస్త తిరకాసు. అది గాలిలో ఎక్స్-రే, గామా కిరణాలు పుట్టించిన విద్యుదావేశాన్ని కొలుస్తుంది. ఒక రాంట్‌జెన్‌కు గాలిలో దిగే శక్తి 0.00876 గ్రే. గామా కిరణాలకు, సర్వే పనికి, మిల్లీరాంట్‌జెన్ ఒకటికి 10 మైక్రోసీవర్ట్ అనుకుంటే సరిపోతుంది. ఇది కొంచెం ఎక్కువ వైపుకే చూపుతుంది కాబట్టి భద్రత లెక్కకు మంచిదే. బీటాకు, న్యూట్రాన్లకు ఈ సూత్రం వాడకండి.

పాత సర్వే మీటర్లు గంటకు మిల్లీరాంట్‌జెన్‌లలో, కొత్తవి గంటకు మైక్రోసీవర్ట్‌లలో చూపిస్తాయి. గోడ దగ్గర పాత మీటర్ 0.2 చూపితే గంటకు సుమారు 2 మైక్రోసీవర్ట్. అక్కడ ఒకరు వారానికి 40 గంటలు, ఏడాదికి 50 వారాలు కూర్చుంటే 2,000 గంటలు: 4,000 మైక్రోసీవర్ట్, అంటే 4 మిల్లీసీవర్ట్.

దీన్ని దేనితో పోల్చాలి? మన అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి ప్రకారం రేడియేషన్ పనివాళ్లకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సాధారణ ప్రజలకు ఏడాదికి 1. ఆ గోడ అవతల కూర్చునేది రిసెప్షన్ అమ్మాయి అయితే 4 చాలా ఎక్కువ, వెంటనే సరిచేయించాలి.

ప్రజల పరిమితి అయిన ఆ 1 మిల్లీసీవర్ట్‌లో సహజ బ్యాక్‌గ్రౌండ్ కలవదు, వైద్యం కోసం తీసుకున్నదీ కలవదు. మన ఊరు గ్రానైట్ మీద కట్టిన ఊరు. గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయి. ఇంట్లో మీటర్ గంటకు 0.15 మైక్రోసీవర్ట్ చూపితే ఏడాదికి 8,760 గంటల లెక్కన 1.3 మిల్లీసీవర్ట్ వస్తుంది. అది చూసి పరిమితి దాటిందని కంగారుపడవద్దు.

## 7. గంప మారాల్సి వస్తే

బెక్వెరెల్ నుంచి సీవర్ట్‌కు పోవాలంటే "రేటు" కావాలి. రెండు దారులున్నాయి.

శరీరం లోపల ఉన్నప్పుడు: ఆ మందుకు అంతర్జాతీయంగా ప్రచురించిన డోసు గుణకం వాడాలి. పెద్దవాళ్లకు ఎఫ్‌డీజీ గుణకం మెగాబెక్వెరెల్‌కు 0.019 మిల్లీసీవర్ట్. మొదట్లో చెప్పిన 333 మెగాబెక్వెరెల్‌కు: 333 × 0.019 = 6.3 మిల్లీసీవర్ట్. సీటీ భాగం దీనికి అదనం. పిల్లలకు గుణకం వేరు, పెద్దలది వాడకండి. ఈ గుణకం మెగాబెక్వెరెల్‌కే కాబట్టి మిల్లీక్యూరీ అంకెను నేరుగా పెడితే జవాబు 37 రెట్లు తగ్గిపోతుంది.

బయట ఉన్నప్పుడు: ఐసోటోపు గామా స్థిరాంకం, దూరం, సమయం కావాలి. సీజియం-137 ఒక మిల్లీక్యూరీ ఉంటే ఒక మీటరు దూరంలో గంటకు సుమారు 0.33 మిల్లీరాంట్‌జెన్, అంటే దాదాపు 3.3 మైక్రోసీవర్ట్. అదే కోబాల్ట్-60 అయితే సుమారు 13. రెండూ 37 మెగాబెక్వెరెల్‌లే, డోసు మాత్రం నాలుగు రెట్లు తేడా. రెండు మీటర్లకు జరిగితే నాలుగో వంతు.

## 8. బోరు నీళ్లు, ఇంటి గాలి

నీళ్ల రిపోర్టులో యురేనియం సాధారణంగా లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. అది బరువు, యాక్టివిటీ కాదు. లీటరుకు మైక్రోగ్రాము అన్నా, పీపీబీ (వంద కోట్ల వంతుల్లో ఒకటి) అన్నా నీళ్ల విషయంలో ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు. రిపోర్టులో 0.03 మిల్లీగ్రాములు అని ఉంటే అదీ అంతే.

బరువు నుంచి యాక్టివిటీకి పోవాలంటే: సహజ యురేనియం 1 మైక్రోగ్రాముకు సుమారు 0.025 బెక్వెరెల్. 30 మైక్రోగ్రాములకు 0.75 బెక్వెరెల్, సుమారు 20 పికోక్యూరీలు. యురేనియం-238 ఒక్కదాన్నే తీసుకుంటే ఇందులో సగమే వస్తుంది. పైగా భూగర్భ జలంలో యురేనియం-234 వాటా రాతిలో ఉన్నంతే ఉండాలని లేదు. కాబట్టి ల్యాబ్ నేరుగా కొలిచిన బెక్వెరెల్ అంకె ఉంటే, లెక్కగట్టినదాన్ని పక్కనబెట్టి దాన్నే నమ్మండి.

రేడాన్ వాయువుకు అమెరికా కిట్లు లీటరుకు పికోక్యూరీల్లో, మిగతావి ఘనపు మీటరుకు బెక్వెరెల్‌లలో చూపిస్తాయి. లీటరుకు 1 పికోక్యూరీ = ఘనపు మీటరుకు 37 బెక్వెరెల్. అమెరికాలో చర్య తీసుకోమనే స్థాయి 4, అంటే 148. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే 100 అంటే 2.7. నీళ్లకు మాత్రం లీటరుకు లీటరే కాబట్టి 1 పికోక్యూరీ = 0.037 బెక్వెరెల్. గాలి సూత్రం నీళ్లకు వాడితే వెయ్యి రెట్లు తప్పు వస్తుంది.

## 9. తప్పు ఎన్ని రెట్లు వచ్చిందో చూస్తే ఎక్కడ జరిగిందో దొరుకుతుంది

మీ జవాబు, అవతలివాళ్ల జవాబు కలవకపోతే పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. వచ్చిన అంకే దొంగను పట్టిస్తుంది.

- 37: ఒకరు క్యూరీలో, ఇంకొకరు బెక్వెరెల్‌లో రాశారు, లేదా మార్చిందాన్ని మళ్లీ మార్చారు.
- 1,369: భాగించాల్సిన చోట గుణించారు. 37 × 37.
- 1,000: నిచ్చెనలో ఒక మెట్టు జారారు, లేదా లీటరు, ఘనపు మీటరు కలిపేశారు.
- 100 కోట్లు: చిన్న ఎం, పెద్ద ఎం.
- 60: నిమిషం, సెకను.
- 100: రాడ్‌కు గ్రే, రెమ్‌కు సీవర్ట్. లేదా ఎఫిషియెన్సీ 0.30 బదులు 30 కొట్టారు.
- 10: మిల్లీరెమ్, మైక్రోసీవర్ట్.
- 2, 4, 8 లేదా పూర్ణాంకం కానిది: గడియారం. సమయం సరిచూడండి.
- దాదాపు 11, ఎఫిషియెన్సీ 30 శాతం అయితే: భాగించాల్సింది గుణించారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చోట వ్యర్థాల రిజిస్టర్ చూశాను. గడి తలమీద కిలోబెక్వెరెల్ అని అచ్చు ఉంది. కింద మూడు నెలలుగా అందరూ మైక్రోక్యూరీల అంకెలు రాస్తూ వచ్చారు. ప్రతి వరసా 37 రెట్లు తక్కువ. కౌంటర్ చూపినదాన్ని రిజిస్టర్‌తో భాగించి చూస్తే ప్రతిసారీ 37కి దగ్గరగా వచ్చింది. దాంతో కారణం ఐదు నిమిషాల్లో తెలిసింది, దిద్దడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి గడి తలమీద ఏమున్నా, ప్రతి అంకె పక్కనా యూనిట్ రాయమని పట్టుబడతాను.

## 10. సంతకం పెట్టే ముందు

- బెక్వెరెల్ అంకె, దాని జోడీ క్యూరీ అంకెకన్నా పెద్దదిగా ఉందా?
- సమయం, తేదీ రాశారా?
- తిరుగు లెక్క చేస్తే మొదటి అంకె వచ్చిందా?
- నిచ్చెన, ఘాతం ఒకేసారి కాకుండా విడివిడిగా చేశారా?
- అర్థవంతంగా ఉందా? మనిషి శరీరంలో సహజంగా ఉండే పొటాషియం-40 ఒక్కటే నాలుగు వేల బెక్వెరెల్‌ల పైన ఉంటుంది. మామూలు నీళ్ల గ్లాసుకు అంతకన్నా ఎక్కువ వస్తే లెక్క మళ్లీ చేయండి.
- ఇంకొకరు చూడకుండా రోగి మోతాదు పోలేదు కదా?

## 11. చేసి చూడండి

ముందు జవాబులు చూడకుండా కాగితం మీద చేయండి.

1. 15 మిల్లీక్యూరీల అయోడిన్-131 ఎన్ని మెగాబెక్వెరెల్? నాలుగు రోజుల తర్వాత ఎంత?
2. 3,050 సీపీఎం, బ్యాక్‌గ్రౌండ్ 50, ఎఫిషియెన్సీ 25 శాతం. ఎన్ని బెక్వెరెల్?
3. పాత మీటర్ గంటకు 0.05 మిల్లీరాంట్‌జెన్ చూపింది. గంటకు సుమారు ఎన్ని మైక్రోసీవర్ట్?
4. నీళ్లలో లీటరుకు 48 మైక్రోగ్రాముల సహజ యురేనియం. ఎన్ని బెక్వెరెల్?
5. ఒక రిపోర్టులో 11 మిల్లీక్యూరీలు, తర్వాతి దాంట్లో 370 మెగాబెక్వెరెల్. ఏది ఎక్కువ?

జవాబులు: మొదటిది 555, నాలుగు రోజుల తర్వాత సుమారు 392. రెండోది 200. మూడోది 0.5. నాలుగోది 1.2. ఐదోది మొదటి రిపోర్టే ఎక్కువ, 407కి 370.